టీచరుగారి పక్క చోటు

ఆ ఆదివారం చర్చిలో పదకొండుంబావుకి కానుకల సంచీ తిరగడం అయిపోయింది. ఎవరూ వెళ్లిపోవద్దని, ఆరాధన తర్వాత సంఘ సభ ఉందని సెక్రటరీగారు మైకులో చెప్పారు. సభ ముందుకు రెండు విషయాలు వచ్చాయి. మొదటిది, మగవాళ్లు మగవాళ్లను, ఆడవాళ్లు ఆడవాళ్లను పెళ్లి చేసుకోవడానికి చట్టం ఒప్పుకోకూడదని తీర్మానం. రెండోది, సమాధుల తోటలో మా పెద్దమ్మ పక్కనున్న ఖాళీ చోటు ఎవరికన్నది. మొదటిది దేశానికి సంబంధించింది కాబట్టి ముందు పెట్టారు.

పెద్దమ్మ బందరులో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. చిలకలపూడిలో ఆమెతోపాటు ఒక నర్సు ఉండేది. దివిసీమ మనిషి. ఆస్పత్రికి దగ్గరని కొన్నాళ్లు ఉండడానికి వచ్చిందని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత ఆస్పత్రి మారింది, ఇల్లు మారింది, ఇద్దరూ రిటైరయ్యారు. ఆమె మాత్రం వెళ్లలేదు. ఆమెను ఏమని పిలవాలో ఎవరికీ తోచక నాచేత పిన్ని అనిపించారు. ఊరివాళ్లకు వాళ్లు టీచరుగారు, సిస్టరుగారు. పెళ్లి కార్డుల మీద రెండు పేర్లూ కలిపే రాసేవారు. ఏటా ఒకసారి ఇద్దరూ పాలకాయతిప్ప వెళ్లి సముద్రంలో కాళ్లు తడుపుకుని వచ్చేవారు. ఇద్దరి మెడలోనూ ఒకే రకం రోల్డుగోల్డు గొలుసు ఉండేది. మెరుపు తగ్గినప్పుడు పక్కింటివాళ్లే మళ్లీ పూత పెట్టి ఇచ్చేవారు.

వాళ్లెవరో నాకు అర్థమైంది. ఊరికి అర్థమైందో లేదో ఇప్పటికీ చెప్పలేను. తెలుసుకోవలసిన అవసరం రాకుండా చూసుకోవడంలో మా ఊరివాళ్లు నేర్పరులు.

పెద్దమ్మ ఫిబ్రవరిలో పోయింది. మట్టి వేసే సమయంలో కుటుంబ సభ్యులు ముందుకు రావాలని పాస్టరు అయ్యగారు అన్నారు. నేను కదిలేలోగానే ఆడవాళ్లు పిన్నిని ముందుకు తోశారు. "నువ్వు వెయ్యక్కా ముందు," అన్నారు. అది ఎవరికీ వింతగా కనిపించలేదు.

చిక్కు తర్వాత వచ్చింది. మా సమాధుల తోటలో చోటు తక్కువ. పోయినవారిని వరుసలో ఒకరి తర్వాత ఒకరిని పెడతారు. భార్య పోతే భర్తకు, భర్త పోతే భార్యకు మాత్రం పక్క చోటు ఉంచుతారు. పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే నాలుగు మూలలా సున్నం కొట్టిన ఇటుకలు పాతుతారు. ఇటుకలు లేని చోటు తర్వాత ఎవరు పోతే వారిది.

పిన్ని వెళ్లి అడిగింది. "మీరు కాకపోతే ఇంకెవరండీ సిస్టరుగారూ," అన్నారు సెక్రటరీగారు. "కాకపోతే రూలొకటి ఏడిసింది. వేసవి సభలో పెడదాం."

అంటే సభ దాకా మా సంఘంలో ఎవరూ పోకూడదు.

పోయేలా ఉన్నది ఒక్కరే. సంఘ పెద్దల్లో ఒకరు, రిటైరైన పోస్టుమాస్టరుగారు. షుగరు. కాలి పుండు మానడం లేదు. డాక్టరు పెదవి విరిచాడని ఇంట్లోవాళ్లే చెప్పుకుంటున్నారు. మరుసటి వారం నుంచి పిన్ని రోజూ పొద్దున్నే ఆయనింటికి వెళ్లడం మొదలుపెట్టింది. కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టేది. ఇన్సులిన్ తనే వేసేది. మామిడిపళ్ల బుట్ట ఆయన మంచం కిందనుంచి తీయించి వెనకింటికి పంపించేసింది.

"ఇంత ఎండలో రోజూ నీకెందుకు పిన్నీ?" అన్నాను ఫోనులో.

"ఆయన సభ దాకా ఉండాలిరా. ఆ తర్వాత ఆయనిష్టం."

ఆయన కోలుకున్నాడు. సిస్టరుగారి రూపంలో దేవుడే మా ఇంటికి వచ్చాడని ఆయన కోడలు ఆరాధనలో సాక్ష్యం చెప్పి ఏడ్చింది. పిన్ని తల వంచుకుని విన్నదట.

ఢిల్లీలో పెద్ద కోర్టు ఆ పెళ్లిళ్ల కేసు వింటున్న రోజులవి. ఎవరి నోట విన్నా అదే. సభ రోజు పొద్దున నేను గుడివాడలో బందరు బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాటాక, నా ముందు సీట్లో చేపల చెరువులున్న రైతు ఒకాయన పక్కాయనతో ఆ సంగతే ఎత్తాడు.

"ఇదేం పోయేకాలమండీ బాబూ!"

"అవునండీ. మీ అబ్బాయికి ఎక్కడైనా కుదిరిందా బావగారూ?"

"ఎక్కడండీ! ముప్పై ఆరొచ్చినాయి. ఎకరాలున్నాయన్నా, కారుందన్నా పిల్లనిచ్చేవాడు లేడు."

"మరి కోర్టు ఒప్పుకుంటే మగ పెళ్లికూతుర్ని తెస్తారా ఏంటి?"

రైతు కాసేపు ఆలోచించాడు. "వంటొచ్చా అని అడుగుతానండీ ముందు."

బస్సంతా నవ్వింది. "పెళ్లి సంగతి పెడనలో దిగాక చూద్దురుగాని, టిక్కెట్లు తీసుకోండి," అన్నాడు కండక్టరు. అంతకంటే నిజాయితీ ఉన్న ప్రజాభిప్రాయం ఆ వేసవిలో నేను మళ్లీ వినలేదు.

నా సభ్యత్వం ఇప్పుడు గుడివాడ సంఘంలో ఉంది. ఇక్కడ నాకు ఓటు లేదు. మగవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చున్నాను. అక్కడినుంచి ఆడవాళ్ల వైపు పిన్ని కనిపిస్తోంది. పెద్దమ్మ కూర్చునే చోటు వదిలి, దాని పక్కన తన చోట్లో కూర్చుంది.

తీర్మానం ప్రతిపాదించడానికి పోస్టుమాస్టరుగారు లేచారు. నెల క్రితం ఆయన గొంతు గది దాటేది కాదు. ఆ రోజు ఆయనకు మైకు అక్కర్లేకపోయింది.

"లోకం ఎటు పోతోందండీ? ఆడదీ ఆడదీ కలిసి కాపురం చెయ్యడమేంటి? మన బందర్లో ఎక్కడన్నా చూశామా, విన్నామా? ఇవన్నీ సిటీల్లో టీవీలవాళ్లు అంటించే జబ్బులు. దేవుడు పెట్టిన నియమం మార్చడానికి మనమెవరం?"

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. చేతులు లేస్తుండగా అయ్యగారు అలవాటుగా "స్తోత్రం" అన్నారు. ఆ మాట వింటే మా వాళ్లకు రెండు చేతులూ లేస్తాయి. సెక్రటరీగారు లెక్కపెట్టడం మానేసి ఏకగ్రీవం అని రాసుకున్నారు. పిన్ని ఒక్క చెయ్యే ఎత్తింది, చెవి దాకా. దించి పైట సర్దుకుంది.

తర్వాత రెండో విషయం. సెక్రటరీగారు రూలు చదివారు. "ఇది భార్యాభర్తలకు మాత్రమేనండీ. మన సిస్టరుగారు టీచరుగారికి..." అని ఆగారు. ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన లేచి, "ఇప్పుడే కదండీ ఒక తీర్మానం చేశాం. మరి మళ్లీ ఇదేంటి?" అన్నారు.

ఆయన తప్పేమీ అనలేదు. ఆ గదిలో రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఆయనొక్కడే. పిన్ని కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

పోస్టుమాస్టరుగారు మళ్లీ లేచారు. ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నావయ్యా? దానికీ దీనికీ ఏం సంబంధం? వాళ్లిద్దరూ ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నవాళ్లు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు నిద్రపోయేవాళ్లు కాదు. అలాంటివాళ్లను విడదీస్తావా నువ్వు? మనిషివేనా?"

"రూలుంది కదండీ..."

"రూలు మనం రాసుకున్నదేనయ్యా! కొట్టెయ్."

"ఆ చోటు ఊరికే ఇచ్చినా మాకొద్దండీ," అంది ఆడవాళ్ల వైపునుంచి పెద్దమ్మ దగ్గర చదువుకున్న ఒకావిడ. "పక్కన పడుకున్నా కూడా తప్పులు దిద్దుతారు టీచరుగారు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చేతులు లేచాయి. ఈసారి అయ్యగారు స్తోత్రం అనలేదు గానీ చాలామంది రెండు చేతులూ ఎత్తారు. బ్యాంకు ఉద్యోగి కూడా ఎత్తారు. భార్యాభర్తలు అన్న మాట కొట్టేసి, సంఘ సభ్యులు కోరుకున్నవారు అని రాశారు. దేవుడి నియమం నిలబెట్టడానికి పట్టిన సమయం కంటే మా నియమం మార్చడానికి కొంచెం తక్కువే పట్టింది.

ఇంటికి నడుస్తుంటే దారిలో పూత పని చేసే ఇళ్లనుంచి యాసిడ్ వాసన వస్తోంది. పిన్ని మెడలో ఇప్పుడు రెండు గొలుసులున్నాయి. ఒకటి తీసెయ్యొచ్చు కదా అని ఎవరైనా అంటే రెండూ తేలికేనని చెబుతోంది.

"మొదటిదానికి కూడా చెయ్యెత్తావేంటి పిన్నీ?" అన్నాను.

"ఎత్తకపోతే అందరూ ఇటు చూస్తారురా. చూస్తే ఆలోచిస్తారు. ఆలోచిస్తే రెండోది పోయేది."

"పెద్దమ్మ ఉంటే ఏమనేది?"

"తిట్టేది. చేతులు దించాక." కొంచెం దూరం నడిచాక, "రేపు పొద్దున పోస్టుమాస్టరుగారి కట్టు మార్చాలి. గుడ్డ తెల్లది ఏమైనా ఉందేమో చూడు," అంది.

"సభ అయిపోయింది కదా?"

"పుండు అవలేదుగా."

ఆ ఏడు వానలు వెనకపట్టాక, అలాంటి పెళ్లిళ్లకు ఒప్పుకోవడం తమ పని కాదని, చట్టసభలే చూసుకోవాలని కోర్టు చెప్పింది. మన తీర్మానం అందిందన్నమాట అన్నారు సెక్రటరీగారు. పిన్ని విని, "పోనీలెండి," అంది.

పిన్ని పోయిన వేసవిలో పోయింది. నాలుగు ఇటుకలూ పీకి పెద్దమ్మ పక్కనే తవ్వారు. కుటుంబ సభ్యులు ముందుకు రావాలని అయ్యగారు అన్నప్పుడు నేను వెళ్లాను. నాకంటే ముందు పోస్టుమాస్టరుగారు కర్ర పట్టుకుని వెళ్లి మట్టి వేశారు. ఆయన ఇంకా ఉన్నారు. ఆడదీ ఆడదీ కలిసి కాపురం చేయడం ఎక్కడా చూడలేదని ఇంకా అంటూనే ఉన్నారు.

మారిన రూలు మాత్రం అలాగే ఉంది. ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన చోట్లు అడిగారు, ఇచ్చారు. ఒక కోడలు అత్తగారి పక్కన కావాలంది. దాని గురించి సంఘంలో చాలా రోజులు చెప్పుకున్నారు. పక్క చోటు కావాలన్నవారిని పెళ్లి సర్టిఫికెట్ చూపించమని ఇప్పుడు అడగడం లేదు.