నాలుగు వైపులా నడిచాకే

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడికి కోపం రాకపోతే ఇంకెవరికి వస్తుంది? కానీ మా ఆవిడ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది. ఆవిడ దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా, మెట్ల కింద గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ముక్కుతూ మూలిగే ఒక కంప్యూటరు. ఇళ్ళు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అక్కడే కాగితాలు రాయించుకుంటారు.

ఆవిడకొక పట్టు ఉంది. అమ్మే ఇంటి చుట్టూ తన కాళ్ళతో నడిచి, ప్రతి వైపూ పక్కవాళ్ళని "ఈ జాగా ఎవరిదండీ?" అని అడిగితే గానీ ఒక్క అక్షరం రాయదు. మిగతా లేఖరులు పాత దస్తావేజులో హద్దుల్ని మక్కికి మక్కి దించేస్తారు. అందుకే ఆవిడకి 'హద్దులమ్మ' అని పేరు పెట్టి నవ్వేవారు. నేనూ నవ్వాను, దాపరికమెందుకు?

మా చెల్లెలు బట్టలు కుడుతుంది. మిషను చప్పుడు పడదని ఒక ఇంటివాళ్ళు, గుడ్డముక్కలు ఎగురుతున్నాయని ఇంకొకళ్ళు ఖాళీ చేయిస్తుంటే ఇరవై ఏళ్ళు అద్దెగదులు మారింది. చివరికి ఓ చిన్న ఇల్లు బేరం కుదిరింది. అమ్మేవాడికి ఎంత తొందరంటే, మర్నాడే రిజిస్ట్రేషను అన్నాడు. ఆ పొద్దున్నే మా ఆవిడ చెప్పులేసుకుంది.

"సొంత ఆడపడుచు ఇంటికి కూడానా?" అన్నాను.

"సొంతం కాబట్టే," అంది.

చెల్లెలూ, అమ్మేవాడూ, నేనూ ఆవిడ గదిలో కాచుకుని ఉంటే, గంటకి తిరిగొచ్చి పెన్ను మూత బిగించింది. "ఈ కాగితం నేను రాయను."

పాత దస్తావేజులో తూర్పున 'దారి' అని ఉంది. ఆ ఇంట్లోకి పోవడానికి ఉన్నదల్లా అదే. తీరా అడిగితే అది పక్కింటి ముసలావిడ సొంత జాగా. ఇన్నాళ్ళూ మొహమాటానికి నడవనిచ్చారట. వచ్చే నెలలో ఆవిడ కొడుకు అక్కడ గోడ కట్టేస్తున్నాడట.

"సాయంత్రంలోగా తేల్చకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా," అన్నాడు అమ్మేవాడు.

చెల్లెలు బావురుమంది. "వదినా, నీ చాదస్తంతో నా కొంప ముంచకు!"

నా కోపం నషాళానికంటింది. "పక్క గది లేఖరి అరగంటలో రాసిస్తాడు, తెలుసా!" అని అరిచాను.

"రాయించండి. వచ్చే నెల మీ చెల్లెలు మిషను నెత్తిన పెట్టుకుని గోడ దూకుతుంది. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా?"

 ఆవిడ అమ్మేవాడి వైపు తిరిగింది. "బాబూ, ఎవరికమ్మినా వాళ్ళని నా గుమ్మం ముందు నుంచే ఆఫీసుకి తీసుకెళ్ళాలి. నా నోరు ఊరుకోదు మరి."

అతను నీరుగారిపోయాడు. అందరం పక్కింటికి వెళ్ళాం. ముసలావిడ కొడుకు ససేమిరా అన్నాడు. మా ఆవిడ టేపు తీసి, అతని చేతికి ఒక కొస ఇచ్చి కొలిపించింది. "మీ గోడ మీరు కట్టుకోండి నాయనా. నాలుగడుగులు వెనక్కి జరపండి, చాలు. ఆ జాగాకి ఇల్లు అమ్మే ఈయన డబ్బిస్తాడు." మధ్యాహ్నం దాకా కూర్చుంది. భోజనం మాటే ఎత్తలేదు. చివరికి ముసలావిడా, కొడుకూ, అమ్మేవాడూ ఒప్పుకున్నారు. ముందు దారి కాగితం, తర్వాత దారితో సహా ఇంటి కాగితం రాసింది. ఆఫీసు మూసే లోపల రెండూ రిజిస్టరయ్యాయి.

నెల తిరక్కుండా గోడ లేచింది. మిషను మోసుకుని ఆ నాలుగడుగుల సందులోంచి వెళ్తున్నాం. చెల్లెలు ఆగి గోడ మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యా, ఆ రోజు వదిన నీ మాట విని ఉంటే..." అంది. 

 తల దించుకుని మిషను మోశాను.

ఇప్పుడు మా ఆవిడ హద్దులు చూడ్డానికి బయల్దేరితే గొడుగు పట్టేది నేనే. మొన్న వీధి మలుపులో ఎవరో "అదుగో, హద్దులమ్మ వస్తోంది" అన్నారు. నేను ఆగి, గొడుగు ఇంకాస్త ఎత్తి పట్టుకున్నాను.

"అవునండీ, మా ఆవిడే," అన్నాను.