మా గ్రేసు తీసిన ఫొటో, వాళ్ల ముద్ర

మా అమ్మాయి గ్రేసు తీసిన ఫొటో ఓ సినిమా హీరో అభిమానుల వెబ్‌సైటులో మొదటి పేజీలోనే పడిందండీ! మన చోడవరం చెరకు తోటల్లో షూటింగు జరిగినప్పుడు పొద్దంతా ఎండలో నిలబడి తీసింది. సంతోషం పట్టలేక ఈ ఉదయం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేశాను. అందరూ ఫోన్లు తీసి చూశారు.

"అన్నయ్యా, ఇందులో మన గ్రేసు గుంట పేరేదీ?" అన్నాడు మా తమ్ముడు, అందరికీ వినబడేలా.

చూద్దును కదా, ఫొటో మూలన వేసుకున్న గ్రేసు పేరు కత్తిరించేసి, "మా అనుమతి లేకుండా వాడరాదు" అని వాళ్ల ముద్ర వేసుకున్నారు! గ్రేసు తల దించుకుంది.

బయటికొచ్చి ఆ సైటు నడిపేవాడికి ఫోను చేశాను.

"మేం డబ్బులేటీ తీసుకోటం లేదండీ. అభిమానంతో పెట్టేం."

"నీ అభిమానానికి మా గుంట పేరేటి అడ్డమొచ్చింది బాబూ?"

ఫోను పెట్టేశాడు.

ఒక్క మాట అడిగుంటే ఆ ఫొటో నేనే దగ్గరుండి ఇప్పించేవాణ్ణి. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. ఫొటో మీద పేరు లేదు కాబట్టి, తీసింది మా గ్రేసేనని ఇక నోటితోనే చెప్పాలి. దేవరాపల్లి పెద్దక్కకి, చీడికాడ బావగారికి, అనకాపల్లి మేనకోడలికి చెప్పండి. ఆడపిల్లకి కెమెరా ఎందుకన్న మా తమ్ముడికి మాత్రం రెండుసార్లు చెప్పండి.