అల్లుడి గోల్ఫ్ కర్ర, బిడ్డ ఎత్తు

రఘునాథపల్లి నుంచి భూపాలపల్లికి నేను బయలుదేరింది నా బిడ్డ స్వరూప ఫోన్లో అన్న ఒక్క మాటకు. "గోల్ఫ్ బంద్ చేస్తున్ననే అమ్మా. నడుం పట్టేస్తుంది, బంతేమో లేస్తలేదు" అంది. అల్లుడు పోయి రెండేళ్లు. నర్సు డ్యూటీ, ఇల్లు తప్ప ఎటూ పోని పిల్ల, ఆయన ఆడిన కర్రలు పట్టుకుని ఆదివారాలు ఆ ఆటకు పోతున్నప్పటి నుంచే మళ్లీ నవ్వుతోంది. అదీ మానేస్తే ఏమైపోతుందోనని నాకు అన్నం సహించలేదు.

ఆదివారం ఆరున్నరకు హన్మకొండ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. కార్డు ఉందో లేదోనని నాలుగుసార్లు సంచి తడుముకున్నాను. ఎనిమిదింటికి దిగి, పరకాల మీదుగా పోయే బస్సు పట్టుకుంటే పదిన్నరకు భూపాలపల్లి. అక్కడి నుంచి ఆటోకు ఇరవై రూపాయలు. గోల్ఫ్ ఆడే జాగకు పోనియ్యమంటే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వు ఆడతవా అవ్వా?"

"నాకు రోడ్డు దాటుడే రాదు బిడ్డా, ముందు సూసి నడుపు."

మైదానంలో స్వరూప, ఆమెకు ఆట నేర్పే యాకయ్య సార్ ఉన్నారు. మరిపెడలో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారట. స్వరూప కర్ర ఊపిన ప్రతిసారీ అది బంతికంటే ముందు నేలకు తగులుతోంది.

"కొత్త కర్రల సెట్టు కొంటె ఆట మంచిగైతదంటున్నరు సార్" అంది.

"ఖరీదు పెడితె ఆట రాదు. కొత్తగ నేర్చుకునేటోళ్లకు కొలత కుదరాలె."

నేను దగ్గరికెళ్లి చూశాను. అల్లుడు ఆరడుగుల మనిషి, నా బిడ్డ ఆయన భుజం దాకే. మా పొలాల్లో మగవాళ్ల పార ఆడమనిషి చేతికొస్తే, ఒంటికి ఆనించి కొలిచి, దాని కామ, అదే పిడికర్ర, కోయించుకున్నాకే పనిలో దిగుతుంది. లేకపోతే సాయంత్రానికి నడుం పోతుంది.

"గిది అల్లుని కామ బిడ్డా, నీది కాదు" అన్నాను.

"అక్కా, గదే నేను మూడు నెలల సంది మొత్తుకుంటున్న!" అని యాకయ్య సార్ నవ్వారు. కర్రను రెండంగుళాలు కిందికి పట్టించి పది బంతులు కొట్టించారు. ఆరు శుభ్రంగా లేచాయి. ఇక పైన కోసేద్దామన్నారు. స్వరూప కర్రను గుండెకు హత్తుకుంది.

"ఆయన చెయ్యి పట్టిన కాడనే ఎట్ల కోయమంటవ్ అమ్మా?"

"మీ బాపు పోయినంక ఆయన పార కామ కోయించిన నాడు నేను గూడ ఏడ్చిన. కోయకుంటె మూలకు పడి చెదలు పట్టేది. కోసినంక పన్నెండేండ్లు నా చేతులనే ఉన్నది."

యాకయ్య సార్ రంపం తెస్తే, స్వరూప కర్రను తనే కదలకుండా పట్టుకుంది. ఎక్కడ చెయ్యి తెగుతుందోనని నేను మొహం తిప్పుకున్నాను. యాకయ్య సార్ పిడికి జిగురు రాసి కొత్త రబ్బరు తొడిగి, రేపటిదాకా ఆరనియ్యమన్నారు. పాత రబ్బరును స్వరూప రుమాలులో చుట్టి దాచుకుంది. బస్టాండులో నన్ను ఎక్కిస్తూ, "వచ్చే ఆదివారం రెండో కర్ర కోయిస్త" అంది.

సామాను మారిస్తే ఆట బాగుపడుతుందా అని అడిగేవారికి నాకు తెలిసింది ఇంతే: కొనేముందు ఉన్న కర్రనే రెండంగుళాలు కిందికి పట్టి పది బంతులు కొట్టి చూడండి. బాగా తగిలితే లోపం కొలతలోనే ఉన్నట్టు. తిరుగు బస్సులో వాన పడుతుందేమో, ఆ జిగురు ఆరుతుందో లేదో అని పరకాల దాకా పరేషానయ్యాను. బిడ్డ గురించి మాత్రం ఆ పూట దిగులు పడలేదు.