వాళ్ల రంగులో మన మాట

కొత్త పేకకట్ట విప్పితే ఒక వాసన వస్తుంది. మైనమూ అట్టా కలిసినట్టుంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు మంచిర్యాలలోని మా క్లబ్బులో ఆ వాసన తగలగానే నా చూపు ఎదుటి కుర్చీ మీదికి పోతుంది. బ్రిడ్జి ఆటలో ఎదురుగా కూర్చునేవారే మన జోడీ. చాలా ఏళ్లు అక్కడ కూర్చున్నది రాజేశం సార్, బొగ్గుగనుల్లో సర్వేయర్‌గా చేసి రిటైరైన మనిషి. నేను చొప్పదండి నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, ఓడిపోవడం బొత్తిగా చేతకానిదాన్ని. నా నోటికి జడిసి ఎవరూ జోడీ కట్టకపోతే ఆయనే వచ్చి కూర్చున్నారు.

ఆటకు ముందు ఏ రంగు తురుపో తేల్చుకోవడానికి వేలంపాట సాగుతుంది. తాను ఆఠీను పాడాక అవతలివాళ్లు మధ్యలో డైమను పాడితే నేనేం చేయాలన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం.

“నా ఆఠీన్లకు నీ దగ్గర మంచి బలముంటె, వాళ్ల డైమన్లనే ఇంకో మెట్టు పైకి పాడు,” అన్నారు.

“నా దగ్గర డైమన్లే లేకుంటె?”

“లేకున్నా సరే.”

“నేరుగ ఆఠీన్లే ఎక్కువ పాడితె అయిపోదా సార్?”

“అట్ల దుంకితె ఆఠీన్ల పత్తాలున్నయి గని పెద్ద ముక్కల బలం లేదని లెక్క. అది అవతలోళ్లకు అడ్డం పడుడు. ఇది వేరే. నువ్వు వాళ్ల రంగెత్తినంక నేను మాత్రం పాస్ అనొద్దు. అన్ననంటె వాళ్ల రంగే మనకు తురుపైతది, మునిగినట్టే.”

అందులో రహస్యమేమీ లేదు, అడిగితే అవతలివాళ్లకూ అర్థం చెప్పాల్సిందే. అయినా నాకు విడ్డూరంగా తోచింది. మనసులో ఉన్నది మొహం మీదే అనేసే రకం నేను. అవతలివాళ్ల రంగు పేరుతో నా మనిషికి అండ చెప్పడం, ఆయన అర్థం చేసుకుంటారని నమ్మి ఊరుకోవడం అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. అలవాటయ్యాక మాత్రం మమ్మల్ని క్లబ్బులో ఎవరూ అందుకోలేకపోయారు.

కరీంనగర్ పోటీలకు తయారవుతున్న రోజుల్లో ఒక ఆదివారం సార్ ఆఠీను పాడారు. నా కుడిపక్కాయన డైమను పాడాడు. నా చేతిలో ఆఠీన్లూ ఉన్నాయి, బలమూ దండిగా ఉంది. డైమన్లు పెంచాను. ఎడమపక్కాయన పాస్ అన్నాడు. సార్ కాసేపు ముక్కలు చూసుకుని తానూ పాస్ అన్నారు. ఇక డైమన్లే తురుపుగా నేను ఆడాలి, ఆయన ముక్కలు బల్ల మీద పరవాలి. తురుపు పరిచే చోట ఆయన, ఆఠీన్లే తురుపన్నట్టు, వరసగా ఆఠీన్లు పరిచారు. నా మొహం చూసి, ఆఠీన్లు పక్కకు జరిపి, తన దగ్గరున్న ఒక్క డైమనును అక్కడ పెట్టారు. నా నోటిదాకా వచ్చిన కోపం కాస్తా భయంగా మారింది.

ఆట ఘోరంగా పోయాక క్లబ్ సెక్రటరీ సదానందం నన్ను వరండాలోకి పిలిచాడు. “మేడం, సార్ ఈ నడుమ మస్తు యాది మరుస్తున్నరు. కరీంనగర్‌కు మీకు వేరే జోడీ చూస్త.”

గెలవాలని నాకూ ఉంది. ఇంటికి పోతూ దారంతా సరేనందామనే అనుకున్నాను. కాని భార్య పోయాక సార్ నలుగురితో కూర్చునేది ఆ బల్ల దగ్గరే. అదీ పోతే ఆయనకు మిగిలేదేమీ లేదు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. చాయ్ తానే పెట్టి ఇచ్చారు.

“నేను నేర్పిందే నాకు యాదికి రాలే,” అన్నారు. “వేరేటోళ్లతోని పో బిడ్డా. నాకోసం నువ్వెందుకు ఓడుడు?”

“గా వాళ్ల రంగెత్తే పాట తీసేద్దాం సార్. బలముంటె కూడ నేరుగ ఆఠీన్లే పాడుత.”

“బలమున్నదో లేదో నాకెట్ల తెలుస్తది?”

“తెల్వకున్నా నడుస్తది.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఓడితె నీకు కోపమొస్తది.”

“వస్తది,” అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

కరీంనగర్‌లో అట్టడుగున వచ్చాం. నాకు నిజంగానే కోపమొచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు చొప్పదండి దాటేదాకా మొహం కిటికీ వైపే తిప్పుకుని కూర్చున్నాను. ఆయన పల్లీలు వలిచి నా చేతిలో పోస్తూనే ఉన్నారు.

తర్వాత మేం ముందే అనుకుని పెట్టుకున్న ఇలాంటి పాటలు ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చాం. చివరికి రంగులు వేరుచేసి పట్టుకోవడమే ఆయనకు పెద్ద పనైంది. క్లబ్బు మానేసి, వాళ్లింట్లోనే ఇద్దరం ముక్కలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఒక సాయంత్రం పక్కింటావిడ వచ్చి, “గీ మేడం ఎవలో గుర్తువట్టిన్రా సార్?” అని అడిగింది. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. పేరు దొరకలేదు.

“నా జోడీ,” అన్నారు.

సార్ పోయారు. ఇప్పుడు నా జోడీ ఒక కాలేజీ లెక్చరర్. నేను అవతలి రంగు ఎత్తితే ఆమె ఎప్పుడూ పాస్ అనదు. మిగతా పాటల్లో అప్పుడప్పుడు తప్పుతుంది. మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ ఓర్పు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఇద్దరం బాగానే గెలుస్తున్నాం. గెలిచినవి ఇంటికి వచ్చేసరికే మరిచిపోతాను. సార్‌తో ఓడినవన్నీ గుర్తున్నాయి.