మార్గరెట్ గారి ఓటు, మా ఇంటి మునసబీ

ప్రెసిడెంటు పోటీకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఇవాళ ఇక్కడ అమెరికాలో ఓట్లు వేశారు. పక్కింటి మార్గరెట్ గారు ముస్తాబై కారులో వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొచ్చేశారు.

"ఏమ్మా, మీ వంతు వచ్చేసరికి ఓట్లయిపోయాయా?" అన్నాను. పదేళ్ళ మనవరాలు స్వప్న దాన్ని ఇంగ్లీషులో అందించింది.

ఆవిడ నవ్వలేదు. "అప్పట్లో ప్రెసిడెంటుగా అన్నకు వేశాను. ఇప్పుడు పోటీకి ఆయన తమ్ముడట. ఇంత దేశంలో ఇంకో ఇల్లే లేదా?" అన్నారు. కానీ పోయిన ఆ అన్నగారి ఫోటో ఇప్పటికీ ఆవిడ వంటింట్లో ఉంది. అందుకే వేరేవాళ్ళకి వేయడానికి చెయ్యి రాక, ఎవరికీ వేయకుండానే వచ్చేశారట. కళ్ళు తుడుచుకున్నారు.

నేనూరుకుంటానా? "రాజుల్ని తరిమేసి, మళ్ళీ ఓట్లేసి తెచ్చుకుంటున్నారా?" అన్నాను.

స్వప్న అది చెప్పేసి నావైపు తిరిగింది. "తాతయ్యా, నువ్వు విలేజ్‌కి మునసబు కదా? నీకు ఎంతమంది ఓట్ చేశారు?"

"ఓట్లేంటే! మా నాన్న మునసబు, వాళ్ళ నాన్నా మునసబే. నేను ఐదో క్లాసు తప్పాను గానీ, ఆ పదవి నాకు తప్పలేదు."

ఆ పిల్ల అదీ చెప్పేసింది. మార్గరెట్ గారు పగలబడి నవ్వి, మళ్ళీ కారెక్కి ఓటేసి వచ్చారు. ఎవరికో చెప్పలేదు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇక నా తర్వాత మునసబీ మా తమ్ముడి కొడుక్కే ఇప్పించమని తాసిల్దారు గారికి రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. వాడు మంచివాడే. కానీ ఊళ్ళోవాళ్ళనే ఎవరూ అడగలేదు. స్టాంపు కూడా అంటించేశాను.

మీరైతే పోస్టులో వేస్తారా?