బొగ్గుపొడి పట్టిన అద్దం

పోర్టు రోడ్డులో మా సిటీబస్సు లారీల వెనక ఇరుక్కుపోయింది. కిటికీ అద్దాల నిండా బొగ్గుపొడి. నా ముందు సీట్లో మెడకు స్కార్ఫ్ చుట్టుకున్న పెద్దావిడ ఆ పొడిలో వేలితో 'పడవ' అని రాసి, పక్కావిడ ఒళ్లోని పాపకేసి చూసింది. పాప కూడబలుక్కుంటూ చదివింది. 'లంగరు' అని రాస్తే అదీ చదివింది.

"టీచరుగారేటమ్మా మీరు? మరి మాటాడరేటి?" అని నవ్వింది తల్లి.

ఆవిడ తలూపి, స్కార్ఫ్ కిందికి జరిపింది. గొంతు మధ్యలో ఆపరేషన్ చేసి పెట్టిన గుండ్రటి రంధ్రం. ఇక మాట రాదన్నట్టు చెయ్యి తిప్పింది.

నేను చూపు తిప్పుకున్నాను. తల్లి గబుక్కున పాప కళ్లు మూసింది.

ఆవిడ స్కార్ఫ్ సర్దుకుని, మసి వేలితో ఇంకో మాట రాసింది. తల్లి వేళ్ల సందులోంచి చూసి పాప దాన్ని గొణుగుతూ చదివింది.

"గట్టిగా."

టీచరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ మాట కిందే మళ్లీ వేలితో కొట్టింది.

ఈసారి పాప గొంతుకి బస్సులో అందరూ తిరిగి చూశారు.

"గట్టిగా!"