రంగు పాకిందన్న తగాదా

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నేను మా ఆయనతో ఆర్నెల్లు కొట్లాడాను. తప్పంతా నాదే. ఆ సంగతి అప్పుడు తెలియదు.

రామన్నపేట దగ్గరి మా ఊళ్ళో దారాలకు ముందే రంగులద్ది చీరలు నేస్తాం. రంగు అంటకూడని చోట పాత సైకిలు ట్యూబు పట్టీలతో బిగించి కట్టడం, తర్వాత రంగులో ముంచడం మా ఆయన పని. మగ్గం నాది. ప్రతి పోగునూ సరిగ్గా జరిపి బొమ్మ కలపాలి. ఈ నేతలో చిలక ముక్కయినా పువ్వు రేకయినా అంచు కొంచెం మసకగానే వస్తుంది, అందం కూడా దానిదే. కానీ ఆ ఏడు ప్రతి చిలకకూ రెండు ముక్కులు కనిపించాయి. కట్లు వదులుగా వేస్తున్నావు, రంగు పాకుతోంది, పని మీద ధ్యాస లేదు అంటూ రోజూ ఆయన మీద ఒంటికాలిపై లేచేదాన్ని. ఆయన దారాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని, మంచిగనే ఉన్నది గదా అని గొణుక్కుంటూ వేళ్ళు బొబ్బలెక్కేలా మళ్ళీ కట్టేవాడు.

ఒకరోజు చౌటుప్పల్‌లో బస్సు బోర్డుకు కూడా రంగు పాకి కనిపించింది. లోపం దారంలో కాదు, నా కంట్లోనని అప్పుడు తెలిసింది.

పట్నం దవాఖానలో డాక్టరమ్మ దాన్ని కెరటోకోనస్ అంది. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి, ముందుకు మొనదేలుతుందట. రెండు కళ్ళకూ గట్టి లెన్సులు ఇచ్చింది. కుడి కన్ను పాడవుతూ పోతే, చనిపోయినవారు దానమిచ్చిన పొర తెచ్చి కుట్టాలంది. ఎప్పుడన్నది నువ్వే చెప్పాలి, కుట్టాక కొన్ని నెలలు మాత్రం మగ్గం ఊసెత్తొద్దు అంది.

మా అత్తమ్మ తన కాలంలో మగ్గం ఖాళీగా ఉండగా ఎరగదు. మగ్గం మీది నిలువు దారాల పడుగు ఒకటి అయిపోవస్తుండగానే కొత్త పడుగు తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొనకు కొత్త కొన మెలిపెట్టి ఒక్కొక్క దారమూ అతికేది. ఈ పడుగు దిగనీ, అప్పుడు ఆపరేషన్ అనుకునేదాన్ని. దిగేలోపే ఇంకొకటి ఎక్కేది. అలా ఏళ్ళు గడిచాయి. నిజం చెప్పొద్దూ, నాకూ అదే హాయిగా ఉండేది. కన్ను కోయించుకోవాలంటే భయం.

నూలు దుమ్ముకు కుడి లెన్సు గుచ్చుతుంటే తీసి పక్కన పెట్టేదాన్ని. అలా నేసిన ఒక చీరలో చిలకల వరుస వేలెడు పక్కకు జరిగింది. నాకు తెలియనేలేదు. ముసలి అత్తమ్మ కళ్ళజోడు సవరించుకుని చూపించింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఆ పూట అన్నం మానేశాను.

మర్నాడు ఆమె కొత్త పడుగు ముందేసుకుని బూడిద గిన్నె దగ్గరకు లాక్కుంది.

"అతకకు అత్తమ్మా," అన్నాను. "ఈ చీర కోసినంక దవాఖానకు పోత."

"మగ్గం ఉత్తగ పెడ్తవా?"

"పెడ్త. కన్ను వచ్చినంక నేనే అతుక్కుంట."

ఆమె బూడిద గిన్నె పక్కకు జరిపింది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది. చీరను మగ్గం నుంచి కోశాక, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత దారాల కొనలను కుచ్చులుగా ముడివేసి, అచ్చుతో సహా దూలానికి కట్టింది. కోడలు మళ్ళీ వాటికే అతకాలి, ఎవ్వరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది.

నా కంటికి పదహారు కుట్లు పడ్డాయి. మా నూలుకున్నట్టు ఆ దారం ఎన్నో నంబరని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. ఏడాది పైన పట్టింది అవన్నీ తీయడానికి. ఆ పొర ఎవరిదో చెప్పరు. పొద్దున మందు చుక్కలు వేసుకునేటప్పుడల్లా ఆ మనిషికి దండం పెట్టుకునేదాన్ని. చివరికి కొత్త లెన్సు పెట్టి అక్షరాల పట్టిక ముందు కూర్చోబెడితే, ఇంకొక్క వరుస మిగిలేదాకా చదివేశాను. గొప్పగానే చెప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి, అచ్చు దించి, బూడిద అద్దుకుని మూడు రోజులు కూర్చున్నాను. వేల దారాలు. అత్తమ్మ పక్కనే ఉండి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నాలుగో రోజు నేత మొదలుపెట్టాను. చిలకకు ఒక్కటే ముక్కు వచ్చింది. మగ్గం మీదే ఏడ్చేశాను.

మూడో చిలక దగ్గర ఆగి మా ఆయనను పిలిచాను.

"గీ రెక్క కింద కట్టు వదులైంది. రంగు పాకింది, సూడు."

ఆయన వంగి చూశాడు. నిజంగానే పాకింది. అన్ని తిట్లు తిన్నా నోరెత్తని మనిషి, ఆ రోజు వీధిలోకి వెళ్ళి కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు, నా పెండ్లాం నా తప్పు పట్టిందని.